గోడ అవతలికి తిరిగిన పూలు

పరశురాములు ఇరవై రెండో ఏట బాయిలో దిగాడు. మందమర్రిలో బొగ్గు గనిని అందరూ బాయి అనే అంటారు. జన్నారం దిక్కు అడవి అంచు పల్లె నుంచి ఒక చేతిసంచితో వచ్చినవాడు, మొదట తట్టతో బొగ్గెత్తి పట్టాల మీది టబ్బుల్లో పోశాడు. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత అదే గనిలో పంపు దగ్గర కూర్చుని లోపల ఊరే నీళ్లను పైకి తోడిస్తున్నాడు. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు, మాట తక్కువ. కోపం వస్తే అరవడు, చెయ్యి చేసుకోడు. ఆ మనిషి వైపు చూడటం మానేస్తాడు, అంతే. ఆయన భార్య యాదవ్వకు ఈ గుణం పెళ్లయిన ఏడాదిలోనే తెలిసింది.

హనుమంతు కూడా అదే నెలలో పనిలో చేరాడు. గని పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని అతనిది. వయసులో ఏడాది చిన్న, అందుకని పరశురాముల్ని ‘అన్నా’ అనేవాడు. కాలనీలో ఇద్దరికీ పక్కపక్క క్వార్టర్లు వచ్చాయి. పెరళ్ల మధ్య ఆరడుగుల గోడ ఉండేది. ఒక ఆదివారం ఇద్దరూ కలిసి ఆ గోడలోంచి ఇటుకలు ఊడదీసి, మనిషి వంగి దూరేంత దారి చేసుకున్నారు. యాదవ్వ, హనుమంతు భార్య బాలలక్ష్మి ఆ దారిలోంచే కూర గిన్నెలు మార్చుకునేవాళ్లు. పరశురాములు కొడుకు రాకేశ్, హనుమంతు కొడుకు అరుణ్‌కుమార్ మూడు నెలల తేడాతో పుట్టి, ఆ దారిలోనే పాకారు, ఆ దారిలోనే నడక నేర్చారు. ఏ పూట ఎవరు ఎవరింట్లో తిన్నారో తల్లులకే గుర్తుండేది కాదు.

రాకేశ్ మంచిర్యాల్లో డిగ్రీ చదివే రోజుల్లో ఫోన్లో ఏదో వీడియో చూశాడు. ఎవరో తన పెరట్లో పొద్దుతిరుగుడు చెట్టును పద్నాలుగు అడుగులు పెంచి, నిచ్చెనెక్కి పువ్వును టేపుతో కొలుస్తున్నాడు. పట్టుబట్టి ఆ రకం గింజలు తెప్పించాడు.

“నీ అసొంటోళ్లు ఇద్దరు ఒకల మీద ఒకలు నిలవడ్డా అందది బాపూ,” అన్నాడు తండ్రితో.

“అంత పొడుగు పెంచి ఏం చేస్తవ్‌రా? నూనె తీస్తవా?”

“ఏం చెయ్య. ఊకె సూస్త.”

అరుణ్, రాకేశ్ కలిసి గుంతలు తవ్వి సగం గింజలు పెట్టారు. మొక్కలు మోకాలెత్తు ఎదిగాయి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఇద్దరూ అరుణ్ బైకు మీద మంచిర్యాల నుంచి వస్తుంటే హైవే మీద వెనక నుంచి టిప్పర్ కొట్టింది. నడుపుతున్నది అరుణ్, వెనక కూర్చున్నది రాకేశ్. రాకేశ్ అక్కడికక్కడే పోయాడు. అరుణ్‌కు తుంటి విరిగింది.

పరశురాములు ఆస్పత్రికి చేరేసరికి అరుణ్‌ను లోపలికి తీసుకుపోయారు. బయట బల్ల మీద వాడి చెప్పులు, రక్తం మరకల చొక్కా, ఒక హెల్మెట్ ఉన్నాయి. హెల్మెట్ ఒక పక్క గట్టిగా సొట్టపోయి ఉంది.

“గిది ఎవలు పెట్టుకున్నరు?” అని అడిగాడు అక్కడున్న మనిషిని.

“బండి నడిపిన పిల్లగాడు.”

పరశురాములు ఆ తర్వాత ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇద్దరు పిల్లలు, ఒక్క హెల్మెట్. ఆ ఒక్కటి ఎవరి నెత్తిన ఉందో తెలిసిపోయింది. కర్మకాండ అయిన మర్నాడు ఇటుకలు, సిమెంటు తెచ్చుకుని గోడలో దారి మూసేయడం మొదలుపెట్టాడు. అవతల బాలలక్ష్మి నిలబడి, “ఏంది బావా గిది? మేమేం చేసినం బావా?” అని ఏడుస్తోంది. ఆయన ఒక్కో ఇటుకా పేర్చుకుంటూ పోయాడు. చివరి వరుస పెట్టేటప్పుడు ఆమె మొహం కనిపించకుండా పోయింది కానీ ఏడుపు మాత్రం వినిపిస్తూనే ఉంది. చూసేవాళ్లు లేక, గడ్డి కమ్మి, పురుగు పట్టి రాకేశ్ నాటిన మొక్కలు వారంలో వాలిపోయాయి.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఇద్దరూ ఒకే షిఫ్టులో దిగేవాళ్లు. పంపు ఉన్న చోట పైకప్పు మంచిది కాదు, తడికి పెచ్చులు రాలుతుంటాయి. హనుమంతు వారానికోసారి వచ్చి, కడ్డీతో కప్పు తట్టి చప్పుడు విని, అవసరమైన చోట కొత్త దుంగ నిలబెట్టి పోయేవాడు. పరశురాములు నెత్తి మీదనే ఆ పని జరిగేది. ఆయన మాత్రం నీళ్ల వైపే చూస్తూ కూర్చునేవాడు. పని ముగిశాక హనుమంతు ఒక్క క్షణం ఆగి, ఏమైనా అంటాడేమోనని చూసి, వెళ్లిపోయేవాడు.

ఈ సంవత్సరం జూన్లో యాదవ్వ కొడుకు కాలేజీ సంచి దులుపుతుంటే గింజల ప్యాకెట్ దొరికింది. దాని మీద రాకేశ్ పెన్నుతో ‘పెద్ద గుంత, ఎరువు, పురికొస’ అని రాసుకున్నాడు. యాదవ్వ దాన్ని దేవుడి అరలో పెట్టబోయింది.

“గింజను అర్రల పెడితే సచ్చిపోతది,” అన్నాడు పరశురాములు. “ఇటియ్యి.”

కాలనీ నేల బొగ్గు నుసితో, రాళ్లతో గట్టిగా ఉంటుంది. ఆయన తూర్పున, హనుమంతు పెరటి గోడ పక్కన నడుం లోతు గుంతలు తవ్వి, రాళ్లేరి, పక్క ఊరి నుంచి ఆటోలో పశువుల ఎరువు తెచ్చి నింపాడు. మిగిలిన గింజలు పద్నాలుగు. రెండేళ్ల గింజలు, ఏడే మొలిచాయి. ఆకులు రాగానే పురుగు తగలకుండా వేపనూనె నీళ్లు చల్లాడు. మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో పేల్చినప్పుడల్లా కాలనీ అంతా ఒకసారి అదిరి, సన్నటి దుమ్ము ఆకుల మీద పడేది. షిఫ్టు నుంచి రాగానే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేవాడు. కాండాలు ముందు వేలంత, తర్వాత మణికట్టంత లావయ్యాయి. గరుకు నూగు చేతులకు గుచ్చుకుని దద్దుర్లొచ్చేవి. వెదురు బొంగులు పాతి, పాత చీర పేలికలతో వదులుగా కట్టాడు. బిగించి కడితే కాండం కోసుకుపోతుందని మొదటి గాలివానకే తెలిసింది.

ఆగస్టు చివరికి అవి గోడ దాటాయి. మొగ్గలు పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమటికి వంగేవి. పరశురాములు షిఫ్టు నుంచి వచ్చి స్టూలు వేసుకుని వాటిని చూస్తూ టీ తాగేవాడు. పొద్దుతో పాటే తిరుగుతాయి కాబట్టి, సాయంత్రం తన వైపు చూస్తాయి. కొడుకు పోయాక మొదటిసారి ఆయన మొహంలో కాస్త కదలిక చూసి యాదవ్వ లోలోపల సంతోషపడింది.

బతుకమ్మ పండుగకు రెండు రోజుల ముందు మొదటి పువ్వు విచ్చుకుంది. అన్నం పళ్లెమంత ఉంది. తర్వాత వారంలో మిగిలిన ఆరూ విచ్చుకున్నాయి. అన్నింటికంటే పొడుగుది పన్నెండడుగులకు జానెడు తక్కువ. కానీ విచ్చుకున్న పువ్వు తిరగదని ఆయనకు తెలియదు. మొగ్గగా ఉన్నంత వరకే అది పొద్దుతో నడుస్తుంది. పువ్వయ్యాక తూర్పుకు నిలబడిపోతుంది. ఏడింటికి ఏడూ గోడ అవతలికి, హనుమంతు పెరటి వైపు మొహం పెట్టి నిలబడ్డాయి. ఇటువైపు ఆకుపచ్చటి వీపులే.

ఇంత కష్టపడింది వాళ్లకు చూపించడానికా? స్టూలెక్కి ఒక తలను చేత్తో పట్టుకుని తన వైపు తిప్పబోతే మెడ చిటపటమంది. భయపడి వదిలేశాడు.

మూడో రోజు అవతల కిటికీ మూసిన చప్పుడు వినిపించింది. పెరటి వైపు గదిలోనే అరుణ్ ఉంటాడు. మర్నాడూ తెరవలేదు. వేడికి తలుపులన్నీ బార్లా తీసుకునే కాలంలో ఆ ఒక్క కిటికీ మూసి ఉంది. పరశురాములు స్టూలెక్కి గోడ మీది నుంచి ఆ మూసిన రెక్కను, దాని వైపు వంగిన ఏడు తలలను చూశాడు. రెండేళ్లుగా గుండెలో కట్టుకున్న ముడి ఏదో సుఖంగా వదులైనట్టనిపించింది. తాను అనలేని మాట అవి అంటున్నాయి. ఆ రోజు నుంచి వాటికి రెండు బకెట్లు ఎక్కువ నీళ్లు పోశాడు.

వారం గడిచాక బాలలక్ష్మి ముందు గుమ్మం నుంచి వచ్చింది. రెండేళ్లలో మొదటిసారి. లోపలికి రాకుండా గడప బయటే నిలబడింది.

“బావా, నీ కాళ్లు మొక్కుత. అవి కొయ్యి. కావాలంటే మల్ల వేరే దిక్కు నాటుకో. మా పోరడు కిటికీ తీస్తలేడు, బువ్వ తింటలేడు. ‘రాకేశ్ సూస్తుండు అవ్వా’ అంటుండు.”

పరశురాములు చెప్పులకు అంటిన మట్టి గీకుతూ కూర్చున్నాడు.

“మేం ఎన్నిసార్లు చచ్చినమో నీకేం ఎరుక? వాడు పెండ్లి వద్దన్నడు, నౌకరి వద్దన్నడు. రోజంతా గా గదిలనే ఉంటడు. గిప్పుడు గదిల గూడ ఉండనిస్తలేవు నువ్వు.”

“చెట్టు ఎటు మల్లుతదో నేను చెప్తనా?” అన్నాడు పరశురాములు చివరికి. అదీ ఆమెతో కాదు, గోడతో అన్నట్టు.

ఆమె వెళ్లిపోయాక యాదవ్వ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో కత్తిపీట ఉంది.

“నేను కోస్త.”

“ముట్టుకున్నవంటే మంచిగుండది.”

“నువ్వు కావాలని చేస్తున్నవయ్యా. మొదట్ల తెల్వక పెట్టినవు. గిప్పుడు తెలిసి నీళ్లు పోస్తున్నవు. నాకు కనపడ్తలేదా? గా పోరడు గూడ నా పాలు తాగినోడే.”

ఆయన లేచి పెరటి తలుపు ముందు నిలబడ్డాడు. యాదవ్వ కత్తిపీట కింద పెట్టింది. ఆ రోజు ఆయనకు అన్నం వడ్డించలేదు. ఆయన వడ్డించుకోనూ లేదు.

నాలుగు రోజుల తర్వాత, షిఫ్టు నుంచి వచ్చి ఊడిన పేలికలు మళ్లీ కడుతుంటే ఎవరో వెనక నిలబడ్డట్టయింది. అరుణ్. కర్ర లేకుండా, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి, ఇరవై మూడేళ్ల వాడు నలభై దాటినట్టున్నాడు. యాదవ్వ మార్కెట్‌కు వెళ్లింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

“పెద్దబాపూ, మా అవ్వ కొయ్యుమన్నదట. కొయ్యకు. ఉండనీ.”

పరశురాములు చేతిలో పేలిక అలాగే ఉండిపోయింది.

“నీకొక మాట చెప్పాలె. అప్పుడు చెప్పుదామంటే ఎవలు అడగలే. ఆ దినం హెల్మెట్ వాడే పెట్టుకున్నడు. మంచిర్యాల్ల నేనే ఇచ్చిన. సగం తొవ్వల వాన మొదలైంది. చినుకులు కండ్లల్ల కొడుతున్నయి, నాకు తొవ్వ కనపడ్తలేదు. బండి ఆపుదామన్న. వాడు ఆపనియ్యలే. నెత్తి మీదికెల్లి తీసి, ఎన్కకెల్లి నాకు పెట్టి, గదువ కింద బెల్ట్ గూడ వాడే పెట్టిండు. ‘పోనీరా, అవ్వ కోడికూర వండింది, సల్లారుతది’ అన్నడు. గంతే. గదే ఆఖరి మాట.”

ఆ రోజు యాదవ్వ కోడికూర వండిన మాట నిజమే. ఆస్పత్రి నుంచి వచ్చాక దాన్ని అలాగే గిన్నెతో పారబోశారు. ఆ సంగతి ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండేళ్లు ఆ ఒక్క హెల్మెట్ మీదనే నిలబడ్డాడు. దారి మూసింది దాని కోసమే, హనుమంతు వైపు చూడనిది దాని కోసమే. అది కాలి కింద నుంచి జారిపోతుంటే ఏదో పట్టుకోవాలి. దొరికిన మాట నోట్లోంచి వచ్చేసింది.

“ఇంటికి పో.”

అరుణ్ కాసేపు నిలబడ్డాడు. ఇంకేదైనా అంటాడేమోనని చూశాడు, వాడి తండ్రి బాయిలో చూసినట్టే. తర్వాత ముందు గుమ్మం వైపు కాలీడ్చుకుంటూ వెళ్లాడు. పరశురాములు ఆ పేలికను కట్టిన చోటే విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పాడు.

యాదవ్వకు చెప్పాలనుకున్నాడు, చెప్పలేకపోయాడు. ఒక రోజు ఆగి తానే వెళ్దామనుకున్నాడు. రెండు రోజులు ఆగాడు. ఐదో రోజు షిఫ్టు నుంచి వచ్చేసరికి పక్క క్వార్టర్ ముందు ట్రాలీ ఆటో నిలబడి ఉంది. హనుమంతు శ్రీరాంపూర్‌లో వేరే బాయికి బదిలీ అడిగి చేయించుకున్నాడు, క్వార్టర్ కూడా అక్కడే తీసుకున్నాడు. బీరువా, మంచం ఎక్కించారు. అరుణ్‌ను అప్పటికే తీసుకుపోయినట్టున్నారు, కనిపించలేదు. హనుమంతు తాడు బిగిస్తూ పరశురాముల్ని చూశాడు. ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి హనుమంతే మొహం తిప్పుకున్నాడు.

ఖాళీ క్వార్టర్‌కు తాళం వేయలేదు. మర్నాడు పొద్దున పరశురాములు లోపలికి వెళ్లాడు. గదుల్లో గోడలకు క్యాలెండర్ల మేకులు, నేల మీద మంచం కోళ్ల గుర్తులు మిగిలాయి. అరుణ్ గదిలోకి పోయి కిటికీ తీశాడు.

అప్పటికి పూల రేకలు వాడి, తలలు గింజలతో బరువెక్కి కిందికి వంగాయి. ఏడు నల్లటి మొహాలు గోడ మీది నుంచి మెడలు వంచి ఆ ఒక్క కిటికీలోకి చూస్తున్నాయి. మంచం ఉన్న చోట నిలబడితే, ఎటు జరిగినా, ఏదో ఒకటి తన వైపే ఉంది. ఇటువైపు నుంచి వాటిని చూడటం అదే మొదటిసారి. ఆ గదిలో ఆయన పది నిమిషాలు కూడా నిలబడలేకపోయాడు.

ఇంటికొచ్చి గొడ్డలి తీసుకుని ఏడింటినీ మొదలంటా నరికాడు. అవి పడుతున్న చప్పుడుకు యాదవ్వ బయటికి వచ్చింది. ఆయన అప్పుడు చెప్పాడు. హెల్మెట్, వాన, కోడికూర, తానన్న మాట, అన్నీ. యాదవ్వ నరికిన కాండాల మధ్య నేల మీద కూలబడి, కొడుకు పోయిన రోజు ఏడ్చినట్టే మళ్లీ ఏడ్చింది.

ఆదివారం పరశురాములు బస్సెక్కి మంచిర్యాలలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో శ్రీరాంపూర్ వెళ్లాడు. అడ్రస్ అడుక్కుంటూ చేరేసరికి పన్నెండయింది. తలుపు తీసింది బాలలక్ష్మి. ఆయన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గిప్పుడొచ్చినవా బావా?”

“పిల్లగానితోని మాట్లాడాలె.”

“వానికి మాట లేదు.” ఆమె గొంతులో కోపం కూడా మిగలలేదు. “పన్నెండు దినాలైతంది. ఒక్క ముక్క మాట్లాడ్తలేడు. డాక్టర్ తాన తీస్కపోయినం, గోళీలు ఇచ్చిండు. మీ ఇంటికి పోయొచ్చిన దినం నుంచి గంతే. బావా, నీ తాన ఏం మాట్లాడిండు?”

పరశురాములు చెప్పాడు. హెల్మెట్ సంగతి వినగానే ఆమె గోడకు ఆనుకుంది. ఆ మాట వాడు తల్లికి కూడా ఎన్నడూ చెప్పలేదు.

“గదంత చెప్తే నువ్వేమన్నవు?”

“ఇంటికి పొమ్మన్న.”

బాలలక్ష్మి పక్కకు జరిగి దారి ఇచ్చింది. లోపల ప్లాస్టిక్ కుర్చీలో అరుణ్ కూర్చుని ఉన్నాడు. పరశురాములు ఎదురుగా నేల మీద కూర్చుని, “అరుణ్, తప్పు నాది బిడ్డా. వాడు పెట్టిండు గద, మంచిగ చేసిండు. నువ్వు బతికినవు గద,” అన్నాడు. బస్సులో వచ్చినంత సేపూ ఆ మాటలే కూడబలుక్కున్నాడు. వాడు విన్నాడో లేదో తెలియలేదు. కళ్లు కదిలాయి కానీ ఆయన మీద ఆగలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్తున్నాడు. యాదవ్వ ఒక్కసారీ రాలేదు. “నువ్వు పో. బాలలక్ష్మి మొఖం నేను చూడలేను,” అంటుంది కానీ పొద్దున్నే లేచి అరుణ్‌కిష్టమైన సకినాలో, గారెలో చేసి డబ్బాలో పెట్టి ఇస్తుంది. హనుమంతు ఇంట్లో ఉన్నా పలకరించేవాడు కాదు. బయట చెప్పులు తొడుక్కుని ఎటో వెళ్లిపోయేవాడు.

ఐదో ఆదివారం మాత్రం హనుమంతు ఎటూ వెళ్లలేదు. పరశురాములు తిరుగు ప్రయాణానికి లేస్తుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మార్చిల దిగిపోతవు గద నౌకరి?”

“ఔ.”

“క్వార్టర్ ఇడిసిపెట్టాలె. ఎటు పోతరు?”

“ఇంకా అనుకోలే.”

హనుమంతు లోపల కుర్చీ వైపు ఒకసారి చూశాడు.

“వాడికి మాట వచ్చేదాంక రా. నేను వద్దన. వచ్చినంక నిన్ను రమ్మంటడో, వద్దంటడో, వాడే చెప్తడు. అప్పుడు వాని మాట వినాలె నువ్వు.”

“వింట,” అన్నాడు పరశురాములు.

“గంతే. ఇగ నాతోని ఏం మాట్లాడకు.”

ఆ రోజు యాదవ్వ పంపిన గారెల్లో అరుణ్ ఒకటి పూర్తిగా, ఇంకోటి సగం తిన్నాడు. బాలలక్ష్మి మిగిలిన సగం మూత పెట్టి దాచింది. పరశురాములు ఖాళీ డబ్బా పట్టుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.